సెయిల్‌ఖాన్ నిజమన్న జింక

సెయిల్‌ఖాన్ ఏ బొమ్మనైనా మూడు తీర్పుల్లో ఒకదానితో తేల్చేసేవాడు. బతికుంది, జబ్బుపడింది, చచ్చి ముస్తాబైంది. పాత కార్ల ముక్కు మీద నిలబడే లోహపు బొమ్మలు, డిక్కీ మీది పేరు బిళ్ళలు, చక్రాల నడుమ మూతలు, ఇలాంటివి ఫోన్లో అమ్ముకునేవాళ్ళ గ్రూపొకటి ఉంది. అది మా కరగండ నుంచి అటు కోస్తనాయ్ దాకా, ఇటు అల్మాతీ దాకా గుమ్మడి పాదులా అల్లుకుపోయింది. అందులో ఎవరు ఏది అమ్మకానికి పెట్టినా కొనేవాడు ముందు ధర అడిగేవాడు కాదు. "సెయిల్‌ఖాన్ అగా చూశాడా?" అని అడిగేవాడు. అగా అంటే మా దగ్గర పెద్దవాళ్ళని పిలిచే పిలుపు.

అమ్మేవాడు పంపే మొదటి ఫొటోని అతను లెక్కలోకి తీసుకునేవాడు కాదు. అది పెళ్ళిచూపులకి పంపే ఫొటో లాంటిదని అతని అభిప్రాయం. దీపం ఎదురుగా పెట్టి తీస్తే ఎవరి మొహానైనా మచ్చలు కనబడవు. కిటికీ పక్కన పెట్టి, ఎదురుగా చారల తువ్వాలు పట్టుకుని, బొమ్మ వీపు మీద ఆ చారలు ఎలా పడ్డాయో తీసి పంపమనేవాడు. ఫ్యాక్టరీలో వేసిన క్రోము పూత మీద చారలు నాగటి చాళ్ళలా తిన్నగా నడుస్తాయి. అరగదీసి మళ్ళీ పూత వేయించిన దాని మీద అవి ఉడికిన సేమియాలా మెలికలు తిరుగుతాయి. తర్వాత పొట్ట చూపించమనేవాడు. మొహం ఎవడైనా కడుక్కుంటాడు, పొట్ట ఎవడూ కడుక్కోడు అనేవాడు. అచ్చు అతుకు ఎక్కడుంది, మరలు బిగించే కాళ్ళు విరిగాయా, మశూచి గుంటల్లాంటి తుప్పు చుక్కలు ఎంత లోతున్నాయి, ఆ గుంటలు పోగొట్టబోయి ముక్కుపుటాలు గానీ మూసేశారా, అన్నీ చూసేవాడు.

విలువ గొర్రెల్లో చెప్పేవాడు. మా టెంగే డబ్బు పొద్దున ఒక ధర, సాయంత్రం ఒక ధర పలుకుతుంది గానీ గొర్రె ఎప్పుడూ గొర్రెలాగే ఉంటుంది కదా. పేరు బిళ్ళ అయితే ఒక గొర్రెపిల్ల. మంచి చక్రం మూతల జత అయితే గొర్రె, దాని పిల్ల. పాత వోల్గా కారు ముక్కు మీద దూకుతూ ఉండే జింక, అదీ బతికున్నదైతే, చూలు కట్టిన గుర్రం. అంతకు మించిన ధర అతని నోట ఎవరూ వినలేదు.

ఒకసారి దొంగ బిళ్ళ పట్టుకుని ఒకడు నేరుగా ఇంటికే వచ్చాడు. సెయిల్‌ఖాన్ చదవకుండానే ఒక్క దగ్గు దగ్గాడు. ఆ దగ్గుకి బిళ్ళ మీది ఎర్ర రంగు పెచ్చులుగా రాలి టీ గిన్నెలో పడింది. వాడు ఆ టీ తాగలేక, వదల్లేక కూర్చున్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఎర్ర రంగు కాదు, నీలం రంగని అతని భార్య రబిగా అంటుంది. ఆవిడ అప్పుడు వంటింట్లో ఉంది, ఆవిడకేం తెలుసు.

అంతకుముందు సెయిల్‌ఖాన్ సంగతి వేరు. బస్సుల డిపోలో బంపర్లకీ అద్దాల చట్రాలకీ పూత వేసే తొట్ల దగ్గర పనిచేసేవాడు. ఆ ఆవిరి అతని ముక్కుని తినేసింది, వాసనలు తెలియకుండా పోయాయి. తర్వాత డిపోని ఎవరో తినేశారు. మా మెట్ల వరసలోనే రెండో అంతస్తులో ఉండేవాడు. ఏళ్ళ తరబడి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, గనుల వైపు పోయే బస్సులు చూస్తూ ఉండేవాడు. ఏ బస్సు బంపరు తన చేతి పూతో గుర్తుపడుతున్నాడని మేం అనుకునేవాళ్ళం. ఏమీ గుర్తుపట్టడం లేదట, ఊరికే చూస్తున్నాడట. అది రబిగా చెప్పింది. మాట్లాడ్డం కూడా మానేశాడనీ, ఉప్పు కావాలన్నా వేలితో చూపిస్తున్నాడనీ చెప్పి ఏడ్చింది. ఆ తర్వాత ఎవరో అతని ఫోన్లో ఈ గ్రూపు పెట్టారు. ఒక బొమ్మ గురించి ఎవరో అడిగితే జవాబు చెప్పాడు. అది నిజమైంది. ఇంకొకరు అడిగారు. సెయిల్‌ఖాన్ మళ్ళీ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. గొంతు రికార్డు చేసి పంపే ముందు టోపీ కూడా పెట్టుకునేవాడు.

అందుకే చెబుతున్నాను, అతనికి ఇల్లు వాకిలి ఉన్నాయి, పింఛను ఉంది, కానీ అతన్ని మనిషిగా నిలబెట్టింది ఆ మాట ఒక్కటే.

అతని చెల్లెలి కొడుకు మీరాస్. తల్లివైపు మామని మేం నగాషి అంటాం, చెల్లెలి బిడ్డని జియెన్ అంటాం. జియెన్‌కి మా వాళ్ళలో ఒక హక్కుంది. జీవితంలో మూడుసార్లు నగాషి ఇంట్లోంచి ఏది అడిగితే అది పట్టుకుపోవచ్చు. కాదనకూడదు. కాదన్నవాడి చెయ్యి చచ్చేదాకా వణుకుతుందంటారు. మీరాస్ చిన్నప్పుడు గుర్రప్పిల్లని అడిగి పట్టుకుపోయాడు. సైన్యానికి వెళ్ళేటప్పుడు సెయిల్‌ఖాన్ చేతిగడియారం అడిగాడు. మూడోది అడగలేదు. ఎప్పుడైనా మాటల్లో వస్తే, "అది బ్యాంకులో ఉంది నగాషీ, వడ్డీ పెరుగుతోంది" అని నవ్వేవాడు.

మార్చిలో మంచు బురదైపోయే రోజుల్లో ఒక సాయంత్రం మేం ముగ్గురం టీ తాగుతూ ఉండగా మీరాస్ వచ్చాడు. బూట్లు విప్పకుండానే చంకలోంచి దుప్పటి మూట తీసి బల్ల మీద పెట్టాడు.

"ముందు ఇది చూడు నగాషీ. టీ తర్వాత తాగుదువుగాని."

"టీ చల్లారిపోతుంది. అది చల్లారదుగా," అన్నాడు సెయిల్‌ఖాన్. "నీ కారు కింద కనబడలేదేంరా?"

మీరాస్ టాక్సీ నడుపుకుని బతికేవాడు. ఆ కారు ఇచ్చేశానన్నాడు. ఎవరికి అంటే, ఈ మూటలోది ఇచ్చినాయనకి అన్నాడు. దారిలో పోయే బేరగాడట, అడ్రసు కూడా తెలియదట.

"కారిచ్చి కారు ముక్కు తెచ్చుకున్నావా?" సెయిల్‌ఖాన్ గిన్నె కింద పెట్టాడు. "జియెన్ మనవాడు కాడు, మెడ మాంసం భోజనం కాదు అని పెద్దలు ఊరికే అనలేదురా."

మూట విప్పితే జింక. ముందుకాళ్ళు మడిచి గాల్లోకి లేచిన జింక, ఇంటి దీపానికి ధగధగా మెరుస్తోంది. రబిగా ఎవరూ అడగకుండానే లేచి, పొయ్యి పక్క కొయ్యకి తగిలించిన చారల తువ్వాలు తెచ్చి ఎదురుగా పట్టుకుంది. సెయిల్‌ఖాన్ వంగాడు. మేమందరం వంగాం. దాని వీపు మీద చారలు సేమియా అయ్యాయి. అతను దాన్ని ఎత్తి బరువు చూశాడు. తిరగేసి పొట్ట చూశాడు. గోటితో ముక్కు దగ్గర గీరాడు. దాన్ని బల్ల మీద పెట్టేసి చేతులు కడుక్కొచ్చాడు. బొమ్మ చూశాక అతను చేతులు కడుక్కోవడం ఎప్పుడూ చూడలేదు నేను.

"ఇది చచ్చి ముస్తాబైంది కూడా కాదురా," అన్నాడు నెమ్మదిగా. "చావాలంటే ముందు పుట్టాలి. ఇది పుట్టనే లేదు. మొన్నటి చలికాలంలో ఎవడో ఇసుక అచ్చులో పోసి తీశాడు."

మీరాస్ కూర్చున్నాడు. కోస్తనాయ్‌లో గాలిమ్ అని ఒక పళ్ళ డాక్టరున్నాడనీ, తండ్రి నడిపిన వోల్గాని బాగుచేయించుకుంటున్నాడనీ, దానికి జింక లేదనీ చెప్పాడు. ఈ జింక ఇస్తే తన రెండో కారు, దాదాపు కొత్తది, ఇచ్చేస్తానన్నాడట. ఒకటే షరతు పెట్టాడట. సెయిల్‌ఖాన్ చూశాననాలి.

"చూశాను," అన్నాడు సెయిల్‌ఖాన్. "చూసిందే చెబుతాను."

"పిల్లలకి ఏం పెట్టను నగాషీ?"

రబిగా తమ దగ్గరున్నది పట్టుకెళ్ళమంది. సెయిల్‌ఖాన్ పాత డిపో స్నేహితుల్ని అడిగి ఏదో ఒక బండి నడిపే పని చూస్తానన్నాడు. మీరాస్ తల వంచుకుని అన్నీ విన్నాడు. ఆఖరికి తలెత్తి, చాలా మర్యాదగా, ముసలివాళ్ళ ముందు మాట్లాడాల్సిన గొంతుతో అన్నాడు.

"నా మూడోది మిగిలుంది."

రబిగా టీ పోస్తున్న చెయ్యి ఆగింది. మూడోది అంటే అంత మాటే మరి.

"అడుగు," అన్నాడు సెయిల్‌ఖాన్. "టీవీ కావాలా? బొచ్చు కోటు కావాలా? అడుగు."

"నీ మాట కావాలి."

"మాట వస్తువు కాదురా అబ్బాయ్," అంది రబిగా.

"వస్తువు కాకపోతే ఇవ్వడానికి ఏం పోయింది అత్తా?"

నేను అప్పుడు నోరు విప్పి ఉండాల్సింది. పొరుగువాణ్ణి, వాళ్ళింటి రొట్టె తింటున్నవాణ్ణి, ఇది మామా అల్లుళ్ళ వ్యవహారమని ఊరుకున్నాను. మా దగ్గర ఎవరైనా అలాగే ఊరుకునేవాళ్ళు. బయటివాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ హక్కు గుర్రాలకీ గడియారాలకే గానీ నోటి మాటకి కాదని అనేవాళ్ళేమో. మా నలుగురిలో ఆ గీత ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. జియెన్ అడిగాడు, నగాషి ఇవ్వాలి. అంతవరకే తెలుసు.

సెయిల్‌ఖాన్ టోపీ పెట్టుకున్నాడు. ఫోను నోటికి దగ్గరగా పట్టుకున్నాడు. "చూశాను," అన్నాడు. "బతికుంది. చూలు గుర్రం." అంతే. ఫోను బల్ల మీద బోర్లించాడు. మీరాస్ అతని రెండు చేతులూ పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు, జింకని దుప్పటిలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మోసం బయటపడుతుందని సెయిల్‌ఖాన్ రోజూ ఎదురుచూశాడు. గాలిమ్ తిడతాడు, గ్రూపులోంచి గెంటేస్తారు, అక్కడితో పోతుంది అనుకున్నాడు. అలా జరిగినా బాగుండేది. గాలిమ్ జింకని తండ్రి కారుకి బిగించి, మెడలో పూలదండ వేసి ఫొటోలు పెట్టాడు. కోస్తనాయ్‌లో పెళ్ళిళ్ళకి ఆ కారే వెళుతోందన్నారు. జింక అంటే ఎలా ఉండాలో ఇదిగో, సెయిల్‌ఖాన్ అగా చూసిన జింక అన్నారు. గ్రూపులో కుర్రాళ్ళు దాని ఫొటో మీంచి గీతలు గీసుకుని ఒక అచ్చు తయారుచేశారు. ఎవరు జింక అమ్మకానికి పెట్టినా ఆ అచ్చుని దాని మీద పెట్టి చూడ్డం మొదలుపెట్టారు. దొంగ జింకతో కొలిస్తే అసలు జింక సరిపోతుందా? ముక్కుపుటాలు పెద్దవన్నారు, మెడ సన్నమన్నారు, పొట్ట కింద అతుకు లేదన్నారు. సెమెయ్‌లో ఒకాయన తండ్రి కాలంనాటి జింకని దొంగదని చెత్తబుట్టలో వేశాడట.

సెయిల్‌ఖాన్ ఇవన్నీ వింటూ కూర్చునేవాడు. ఎవరైనా ఏదైనా చూడమంటే ఫోను పాడైందనేవాడు, అదే ఫోన్లో. మీరాస్ మాత్రం బాగుపడ్డాడు. కొత్త కారు నడుపుతూ, పక్కన బొమ్మల బేరం కూడా పెట్టాడు. వచ్చినప్పుడల్లా గుర్రపు మాంసం తెచ్చేవాడు. మామ తినలేదని తెలిసి కూడా మళ్ళీ తెచ్చేవాడు. రబిగా దాన్ని మాకు పంచేది. మేం తిన్నాం. బావుండేది.

ఆగస్టులో తెమిర్తావ్ నుంచి కామ్కా అపా వచ్చింది. ముసలామె, అపా అని మేం పెద్దావిడల్ని పిలుస్తాం, నేను ఆమెని అంతకుముందు చూడలేదు. భర్త గని పెద్దాయన కారు నడిపేవాడట. ఆ కారు పాడై తుక్కుకి వెళ్ళేటప్పుడు పెద్దాయన జింకని ఊడదీసి ఆమె భర్త చేతిలో పెట్టాడట. అప్పటి నుంచి అది వాళ్ళింట్లో రేడియో మీదే ఉంది. ఇప్పుడు భర్త పోయాడు. పోయిన ఏడాదికి పెట్టే విందు లోపు సమాధికి రాయి నిలబెట్టాలి, లేకపోతే ఆయన ఏ దిక్కున పడుకున్నాడో మనవలకి తెలియదు. పక్కింటివాళ్ళు జింకని ఫోన్లో అమ్మకానికి పెట్టి పెట్టారు. అందరూ నవ్వారు. అందుకని బస్సెక్కి వచ్చింది.

తలగుడ్డలో చుట్టిన జింకని బల్ల మీద పెట్టి, "ఇది దొంగదంటున్నారు బాబూ. మా ఆయన దొంగ కాదు," అంది.

రబిగా తువ్వాలు పట్టుకుంది. చారలు తిన్నగా నడిచాయి. మెడ మీంచి తోక దాకా, ఎక్కడా వంకర లేకుండా. ముక్కుపుటాల్లో వేలి గోరు దూరేంత చీకటి ఉంది. ఒక చెవి కొస మాత్రం విరిగింది, మనవడు కింద పడేశాడట. సెయిల్‌ఖాన్ దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చాలాసేపు దించలేదు.

"బతికుంది అపా," అన్నాడు.

"మరి వాళ్ళకి చెప్పు."

అతను భార్య వైపు చూశాడు. రబిగా వంటింటి వైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది. "జియెన్‌కి ఇచ్చింది వెనక్కి తీసుకున్న ఇల్లు నేనెక్కడా చూడలేదు ముసలాయనా. అయినా నీ ఇష్టం."

అతను టోపీ కోసం వెతకలేదు. ఫోను తీసి, ఈ జింక అసలుదని చెప్పాడు. చూలు గుర్రమన్నాడు. ఆపైన, మార్చిలో నేను నిజమన్న కోస్తనాయ్ జింక అబద్ధం, అది నాకు అప్పుడే తెలుసు, తెలిసే చెప్పాను అన్నాడు. అంత పొడుగు మాట అతను గ్రూపులో ఎప్పుడూ మాట్లాడలేదు.

తర్వాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు. కామ్కా అపా వినాలని రబిగా ఫోను గొంతు పెంచింది. అదొక పొరపాటు. ఒకడు అగాకి ఎండ దెబ్బ తగిలిందన్నాడు. ఇంకొకడు ఆ ముసలామె అగాకి పూర్వం ఏమయ్యేదో కనుక్కోండి అన్నాడు. నవ్వులు వచ్చాయి. గాలిమ్ మర్యాదస్థుడు. అగా కళ్ళు బాగున్నప్పుడు చెప్పిన మాటే నాకు మాట, ఆయన్ని వేళాకోళం చెయ్యకండి అన్నాడు. ఆఖర్న మీరాస్ గొంతు వచ్చింది. ఎంతో ప్రేమగా ఉంది ఆ గొంతు.

"అన్నలూ, తమ్ముళ్ళూ, మా నగాషికి ఈమధ్య చూపు తగ్గింది. జ్ఞాపకం కూడా కొంచెం అటూ ఇటూ అవుతోంది. ఇంట్లో మేం చూసుకుంటున్నాం. ఆయన్ని ఇబ్బంది పెట్టకండి."

దాని కింద అందరూ దణ్ణాలు పెట్టిన చేతుల బొమ్మలు పెట్టారు. సెయిల్‌ఖాన్ మళ్ళీ మాట్లాడబోతే, గ్రూపు నడిపేవాడు పెద్దాయన విశ్రాంతి తీసుకోవాలని అతని గొంతు వెళ్ళకుండా చేసేశాడు. వినొచ్చు, మాట్లాడలేడు.

కామ్కా అపా తలగుడ్డ మడతలు సరిచేసుకుంటోంది.

"నాది నిజమేనా బాబూ?"

"నిజమే అపా."

"ఎంత నిజం?"

"చూలు గుర్రమంత."

"ఆ గుర్రాన్ని నాకెవరిస్తారు?"

రాయికి సాయం చేస్తానని రబిగా తన వెండి గాజులు తీయబోయింది. ముసలామె కోప్పడింది. ముష్టికి రాలేదమ్మా, అమ్మడానికి వచ్చాను అంది. రొట్టె తిని, టీ తాగి, జింకని చుట్టుకుని మెట్లు దిగి వెళ్ళింది. కిందిదాకా తోడొస్తానంటే సెయిల్‌ఖాన్‌ని కూర్చోమంది, నీకు చూపు తగ్గిందట కదా, మెట్ల మీద పడతావు అంది. వేళాకోళానికి అనలేదు. వాళ్ళు చెప్పింది ఆమె కూడా నమ్మేసింది.

సాయంత్రం బస్సు స్టేషన్ నుంచి ఆమె ఫోను చేసింది. గొంతు హుషారుగా ఉంది. మెట్లు దిగేసరికి కింద కారు పెట్టుకుని ఒక కుర్రాడు నిలబడ్డాడట. జింక చూపించమన్నాడట. పొట్ట తిరగేసి చూసి, దొంగదే అయినా పెద్దావిడవు, ఒక గొర్రెపిల్ల ధర ఇస్తానన్నాడట. ఇచ్చాడట కూడా. తన కారులో బస్సు దాకా దింపాడట. రాయికి చాలదు గానీ రేకు పలక మీద పేరు రాయించడానికి వస్తుందంది.

"నీ మేనల్లుడట కదా బాబూ. మంచివాడు. నువ్వంటే ఎంత గురి అనుకున్నావు. మా నగాషి చూశాడా, ఏమన్నాడు, ఆయన నోటితో అన్నదే చెప్పు అని రెండుసార్లు అడిగాడు. బతికుందన్నావని చెప్పాను. అప్పుడే కొన్నాడు."

అంత దూరం నుంచి వచ్చిన ముసలామెకి, చూలు గుర్రాన్ని గొర్రెపిల్లకి ఇచ్చేశావని సెయిల్‌ఖాన్ ఇప్పుడెలా చెప్పాలి? చెబితే నమ్ముతుందా? నమ్మితే ఆమెకి ఆ రేకు పలక తృప్తి కూడా మిగలదు.

"వింటున్నావా బాబూ?"

"వింటున్నాను అపా," అన్నాడు.

బస్సు వచ్చిందని ఆమె ఫోను పెట్టేసింది. అతను మాత్రం చెవి దగ్గరి నుంచి తియ్యలేదు. రబిగా వచ్చి ఎవరని అడిగింది. అతను ఉప్పు గిన్నె కావాలన్నట్టు వేలు చూపించాడు. ఆవిడ తెచ్చి ముందు పెట్టింది. బల్ల మీద తినడానికి ఏమీ లేదు.